సెల్ఫ్ గేరు పళ్లు రాలాక నా 150 సీసీ బండి గురించి

ఈ బండి మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంటుంది, సీటు మెత్తనా గట్టిదా అన్నవి ఇక్కడ రాయడం లేదు. అవి కొనేవాళ్లందరికీ నోటికొచ్చినవే. నాకు దీనితో ఉన్న గొడవంతా ఎడమ వైపు మాగ్నెట్ కవరు లోపల, అరచేతిలో పట్టేసేంత ఉండే ఒక గేరుతో. మెకానిక్కులు దాన్ని సెల్ఫ్ గేరు అంటారు. సెల్ఫ్ మోటారుకీ ఇంజినుకీ మధ్యలో కూర్చుని, బటన్ నొక్కిన ఆ ఒకటి రెండు క్షణాలు మాత్రం తిరిగి, బండి స్టార్ట్ కాగానే కదలకుండా ఉండిపోతుంది. రోజు మొత్తం మీద అది చేసే పని ఒక్క నిమిషం కూడా ఉండదేమో. అయినా ఇంజిను కంటే, టైర్ల కంటే, చెయిను కంటే ముందు పాడైంది అదే. నా కోపం అందుకే.

నేను మందుల ఏజెన్సీకి ఆర్డర్లు తీసుకునే పనిలో ఉన్నాను. మకాం ఒడిశాలోని రాయగడ. లైను ఒకవైపు గుణుపూర్, ఒకవైపు మునిగుడ, ఇంకోవైపు లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్, సెమిలిగూడ. ఒక మెడికల్ షాపు ముందు ఆపుతాను, రెండు మాటలు మాట్లాడి ఆర్డరు రాసుకుంటాను, బజారు చివర ఇంకో షాపు ముందు మళ్లీ ఆపుతాను. వీపుకి బ్యాగు, చేతిలో పుస్తకం, వెనక లారీవాడి హారను. ఇలాంటి బతుక్కి సెల్ఫ్ సోకు కాదు, కాళ్లూ చేతులూ లాంటిది. అందుకే కొన్న కొత్తలో దీని సెల్ఫ్‌ని తెగ పొగిడాను. బొటనవేలు తగిలితే చాలు అందుకునేది, మోటారు చప్పుడు వినపడేలోపే ఇంజిను చప్పుడు వచ్చేసేది. నా మాట విని మా బావమరిది కూడా ఇదే మోడల్ తీసుకున్నాడు. అతని బండి ఇప్పటికీ నిక్షేపంగా ఉంది, కాకపోతే అతను పర్లాకిమిడి ఊరు దాటి బండి తియ్యడు, పొద్దున తొమ్మిది తర్వాతే తీస్తాడు. కాబట్టి నా పొగడ్త పర్లాకిమిడి వరకు చెల్లుతుంది అనుకోండి.

కొరాపుట్, సెమిలిగూడ వైపు చలికాలం ఎలా ఉంటుందో అటు తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. రాత్రంతా లాడ్జి బయట మంచులో తడిసిన బండికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసపడుతుంది. అలాంటి పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిను ఒకసారి కదిలి, కంప్రెషన్ దగ్గర, అంటే పిస్టను గాలిని నొక్కే చోట, ఆగి, "టంగ్" మని వెనక్కి తన్నేది. సన్నటి చప్పుడే గానీ ఫుట్‌రెస్ట్ మీద పెట్టిన కాలికి కూడా తెలిసేది. రెండోసారి కొడితే అందుకునేది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకునే విషయం కాదది. సర్వీసింగ్‌లో చెప్తే, చలికి అన్ని బళ్లూ అంతే అన్నారు.

తర్వాత కొన్నాళ్లకి లక్ష్మీపూర్ బజార్లో ఒక షాపు ముందు బటన్ నొక్కితే మోటారు "గుయ్య్" మని ఖాళీగా తిరిగింది. మధ్యలో కటకటమని రెండు దెబ్బలు, మళ్లీ గుయ్య్. ఇంజిను మాత్రం కదల్లేదు. ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని కలగాపులగం చేసి అనవసరమైన పార్టులు మార్పించుకుంటారు. మోటారు నున్నగా, ఏ అడ్డూ లేకుండా తిరుగుతూ, ఒకోసారి పట్టుకుని ఒకోసారి వదిలేస్తుంటే అది చాలావరకు వన్‌వే క్లచ్ (మోటారు తిప్పుడుని ఇంజినుకి అందించి, స్టార్ట్ కాగానే వదిలేసే భాగం) జారడం, అంటే అందులో ఉండే రోలర్లు అరగడమో వాటిని నెట్టే చిన్న స్ప్రింగులు పోవడమో. మోటారు తిరుగుతూ ఒక చోటికి రాగానే కటకటమని ఏదో ఎగిరెగిరి తగులుతుంటే పళ్లు పోయినట్టు. అసలు మోటారే తిరక్కుండా టిక్ టిక్ అంటుంటే గేరుకి సంబంధం లేదు, బ్యాటరీ, రిలే, కనెక్షన్లు చూడాలి.

ఆ రోజు నన్ను కాపాడింది కిక్కు. మొదటి కిక్‌కే స్టార్ట్ అయింది. విరిగిన పన్ను లోపల తిరుగుతుండగా బండి నడపడం మంచిది కాదని ఎవరైనా చెప్తారు, కానీ చీకటి పడే వేళ ఆ కొండదారిలో బండిని ఎవరి ఆటోలో ఎక్కిస్తాం? మెల్లగా, చెవి ఇంజిను మీదే పెట్టి రాయగడ వచ్చేశాను. ఇప్పుడొస్తున్న చాలా 150 సీసీ బళ్లకి కిక్ రాడ్డే ఉండటం లేదు. షోరూంలో అదేమంటే ఈ రోజుల్లో కిక్కెవరు కొడతారు సార్ అని నవ్వుతారు. లక్ష్మీపూర్ బజార్లో నిలబడి నవ్వమనండి చూద్దాం.

రాయగడలో నేను చూపించుకునే షెడ్డు కుర్రాడు ఒడియా వాడు, తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు. ఆయిల్ దించి కవరు విప్పాడు. గేరు మీద వరసగా రెండు పళ్లు మొదలంటా లేవు. విరిగిన చోట కల్లుప్పులా గరుకుగా మెరుస్తోంది. ఒక పన్ను మాగ్నెట్‌కి అతుక్కుని కనిపించింది. ఆ మాగ్నెట్ ఇంజినుతో పాటు తిరిగేదే, దానికీ లోపలి కాయిల్‌కీ మధ్య సందు చాలా తక్కువ. పన్ను ఇంకాస్త లోపలికి జరిగుంటే కాయిల్ తీగ గీసుకుపోయి ఛార్జింగ్ కూడా పోయేది. రెండో పన్ను కోసం ఆయిల్‌ని పాత బనీను గుడ్డలో వడకట్టాడు, దొరకలేదు, చివరికి స్ట్రెయినర్ జాలీలో దొరికింది. మీ బండికి ఎప్పుడైనా ఇలా జరిగితే, విరిగిన ముక్కలన్నీ లెక్కకు వచ్చేదాకా కవరు మూయనివ్వకండి.

ఇక పార్టు. షోరూంలో అడిగితే గేరొక్కటే స్టాకు లేదు, తెప్పించాలి, అసలైతే మాగ్నెట్, వన్‌వే క్లచ్ అన్నీ సెట్టుగా మార్చేస్తే మంచిది అని వేలల్లో లెక్క చెప్పారు. బజార్లో లేత్ మెషిన్ దగ్గర అడిగితే, వెల్డింగ్ పోసి పళ్లు కట్టి ఆకురాయితో సరిచేసి ఇస్తానన్నాడు. పొలం యంత్రాలకి చేస్తారు అలా, వాటికి పనికొస్తుంది కూడా. ఇంత చిన్న గేరుకి మాత్రం వద్దు. పళ్ల పైపొరకి ఫ్యాక్టరీలో గట్టిదనం ఎక్కిస్తారు, వెల్డింగ్ వేడికి పక్క పళ్ల గట్టిదనం కూడా పోతుంది, పైగా చేత్తో అరగదీసిన పన్ను ఎదుటి పన్నుతో సరిగ్గా కలవదు. చివరికి స్పేర్ పార్ట్స్ షాపులో లోకల్ గేరు దొరికింది. రెండు వందలు కూడా కాలేదు. చూడ్డానికి కంపెనీ దానికి అన్నలా ఉంది, మెరుపు కూడా ఎక్కువే. బిగించాక సెల్ఫ్ మళ్లీ అందుకుంది. లోకల్ పార్టు గురించి ఎవరేమన్నా నేను అప్పట్లో దాన్నే వెనకేసుకొచ్చాను.

వానాకాలం వచ్చేసరికి చప్పుడు మొదలైంది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా గరగరమని, ఇనప గొలుసు ఈడ్చినట్టు. గుణుపూర్ లైనులో ఉండగా మళ్లీ గుయ్య్. ఈసారి షెడ్డు కుర్రాడు ఇంకో లోకల్ గేరు వేసేద్దాం అన్నాడు, అతని తప్పేం లేదు, అతనికొచ్చే గిరాకీ అంతా తక్కువలో పని కావాలనేవాళ్లే. నాకు మాత్రం మనసొప్పలేదు. కిక్కు కొట్టుకుంటూనే పండక్కి ఊరెళ్లినప్పుడు పార్వతీపురంలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. పాత కాలం స్కూటర్ల నుంచి చేస్తున్న మనిషి. కవరు తీసి గేరు చేతిలోకి తీసుకుని, పక్కన పడేసి, దాన్ని వదిలేసి మాగ్నెట్ వైపు చూస్తున్నాడు.

"గేరు ఏటి సేస్తాది బావూ, దాన్ని తిప్పీది సరిగ్గా నేదు," అన్నాడు.

ఆయన పుల్లర్ (మాగ్నెట్ లాగి తీసే పనిముట్టు) పెట్టి మాగ్నెట్ ఊడదీశాడు. ఇది కూడా చెప్పాలి, పుల్లర్ లేకుండా సుత్తితో కొట్టి మాగ్నెట్ తీసేవాళ్లు ఉంటారు, అక్కడి నుంచి బండి వెనక్కి తీసుకొచ్చెయ్యండి, ఒక్క దెబ్బకి లోపలి అయస్కాంతం పగలొచ్చు. మాగ్నెట్ వెనక వైపు వన్‌వే క్లచ్ మూడు ఎలెన్ బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ మూడింట్లో ఒకటి చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఇంకొకటి సగం వదులు. అంటే క్లచ్ మొత్తం ఒక పక్కకి వాలి తిరుగుతోందన్నమాట. దానిలో కూర్చునే పెద్ద గేరు కూడా ఒంకరగానే తిరుగుతుంది, అప్పుడు సెల్ఫ్ గేరు పళ్లు నిండుగా కాకుండా అంచుల మీద మాత్రమే కరుచుకుంటాయి. దాని మీద పొద్దున్నే వచ్చే ఆ వెనక తన్ను. ఇంజిను వెనక్కి తిరగబోయినప్పుడు వన్‌వే క్లచ్ వదలదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, పిస్టను బలమంతా నేరుగా గేరు పళ్ల మీదకే వస్తుంది. కొన్ని పెద్ద బళ్లలో ఇలాంటి దెబ్బకి జారిపోయే టార్క్ లిమిటర్ అని ఒకటి పెడతారు. దీనికి అది లేదు. దెబ్బంతా రెండు పళ్లే తినాలి.

తర్వాత ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది. విరిగిన లోకల్ గేరునీ, నేను డిక్కీలో దాచిన మొదటి కంపెనీ గేరునీ పక్కపక్కన పెట్టి ఆకురాయితో ఒక్కో పన్ను మీద గీశాడు. కంపెనీ గేరు మీద ఆకురాయి గాజు మీద గీసినట్టు జారిపోయింది. లోకల్ దాని మీద కసుక్కున దిగి పొడి రాలింది. దాని పళ్లు అసలు విరగడానికి ముందే కొసలు వంగి నలిగి ఉన్నాయి, గరగర చప్పుడు అదే. మొదటిది గట్టిది, అయినా విరిగింది. రెండోది మెత్తది, అరిగి విరిగింది. రెండిటికీ కారణం ఆ మూడు బోల్టులే.

కంపెనీ గేరు విజయనగరం నుంచి తెప్పించాం, లోకల్ దానికి రెండింతలు పైనే పడింది. వన్‌వే క్లచ్ రోలర్లు, స్ప్రింగులు కూడా మార్చాడు, రోలర్ల మీద ఒక వైపు చదునుగా అరుగుదల కనిపించింది కాబట్టి. బోల్టుల మరల్లో ఆయిల్ లేకుండా పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, బోల్టులు వదులు కాకుండా పట్టే జిగురు లాక్‌టైట్ వేసి బిగించాడు. కొత్త ప్యాకింగ్, కొత్త ఆయిల్. కూలీతో కలిపి మొత్తం షోరూం చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు. అదే సమయంలో బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. ఊరికే ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టులు చూపిస్తోంది, సెల్ఫ్ కొట్టగానే తొమ్మిది దాకా పడిపోతోంది. పదికి కింద పడితే దాన్ని నమ్మొద్దన్నాడు. కొత్తది వేయించాక ఆ వెనక తన్ను దాదాపుగా పోయింది. దాదాపుగా అంటున్నాను, సెమిలిగూడలో బాగా చలిగా ఉన్న పొద్దున అప్పుడప్పుడు వస్తుంది. అలాంటప్పుడు ముందు సెల్ఫ్ ముట్టుకోను, ఇగ్నిషన్ ఆఫ్‌లో పెట్టి రెండు కిక్కులు మెల్లగా తొక్కుతాను, ఆయిల్ కదులుతుంది, తర్వాత బటన్.

ఇంత జరిగాక ఈ బండి కొనొచ్చా అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. ఇంజిను మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు, ఘాట్ ఎక్కడంలో దీని బలం ఈ ధరలో ఇంకో బండికి చూడలేదు. టౌనులో తిరిగేవాళ్లకి ఈ సెల్ఫ్ గొడవ ఎప్పటికీ రాకపోవచ్చు, మా బావమరిదికి రాలేదు. సెల్ఫ్ ఎక్కువ వాడుతూ, చలి ప్రాంతాల్లో రాత్రిళ్లు బండి బయట పెట్టేవాళ్లయితే, వారంటీ అయిపోయే ముందు ఒకసారి మాగ్నెట్ కవరు తీయించి ఆ మూడు బోల్టులు చూపించుకోండి. షోరూం వాళ్లు అవసరం లేదంటారు, అయినా పట్టుబట్టండి. లోకల్ గేరు సంగతి ఏమిటంటే, దారిలో ఆగిపోయి ఇల్లు చేరడానికైతే వేయించుకోవచ్చు, తప్పు లేదు. ఆకురాయి దిగే గేరుని మాత్రం ఉంచుకోకండి.

ప్రస్తుతానికి నా సెల్ఫ్ బాగానే ఉంది. కొత్త ప్యాకింగ్ దగ్గర కింది మూల నుంచి సన్నగా ఆయిల్ చెమర్చుతోంది, చుక్క పడే స్థాయి కాదు. పెద్దాయనకి ఫోన్ చేస్తే, వేడి మీద బోల్టులు ముట్టుకోవద్దు, చల్లారాక ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించు, అప్పటికీ ఆగకపోతే తీసుకురా అన్నాడు. ఈ ఆదివారం ఆ పని చూడాలి.