వీల్ వెయిట్ సీసం అని చెప్పి జింక్ అంటగడుతున్నారు, బుల్లెట్లు పోసుకునేవాళ్లు జాగ్రత్త

ఆన్‌లైన్‌లో సీసం దిమ్మలు కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి. లీవర్ యాక్షన్ రైఫిల్‌ (కింది మీట లాగి తూటా ఎక్కించేది) ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా.

నేనుండేది టెక్సస్‌లో. జింకల సీజన్‌కి, అడవిపందులకి వాడే మార్లిన్ లీవర్ రైఫిల్‌కి (థర్టీ-థర్టీ తూటాలది) బుల్లెట్లు, అంటే తూటా ముందుండే సీసం ముక్కలు, ఇంట్లోనే పోసుకుంటాను. ఈసారి సీసం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించాను. టైర్ల బ్యాలెన్సింగ్ కోసం రిమ్ముకి తగిలించే బరువుల్ని (వీల్ వెయిట్లు) కరిగించి పోసిన దిమ్మలని ప్రకటనలో ఉంది. క్లిప్పు బరువులు మాత్రమే వాడామని, శుభ్రం చేసి పరీక్షించామని హామీ కూడా ఇచ్చారు. ఫ్లాట్ రేట్ డబ్బాలో వచ్చింది. పై వరస నిజంగానే సీసం. మోసమంతా కింద ఉంది.

ఒకే అచ్చులో పోసినవి ఒకే బరువు తూగాలి. పోస్టల్ స్కేల్ మీద పెడితే పైవి పౌనుకి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. కింద కొన్ని పది ఔన్సులు దాటలేదు. ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు, జింక్ 7.1 గ్రాములు, కాబట్టి ఇంకేం చూడక్కర్లేదు. కాంక్రీటు మీద పడేస్తే సీసం దబ్బున పడుతుంది, ఇవి ఖంగుమని మోగాయి. మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ ఒక్క చుక్క వేస్తే బుసబుసా నురగ వచ్చింది.

ఇలా తేలిగ్గా ఉన్నవి ఏరి పక్కన పెట్టొచ్చు. అసలు ప్రమాదం మధ్య వరసల్లో ఉంది. వాటి బరువు సరిగ్గానే ఉంది, కానీ లోపల కొద్దిగా జింక్ కలిసిపోయింది. అనుమానంతో రెండింటిని పాత పాట్‌లో విడిగా కరిగిస్తే, పైన తేటగా ఉండాల్సింది ఉండలు కట్టిన రాగిజావలా తయారైంది. మరొకటి స్క్రాప్ యార్డుకి తీసుకెళ్తే అక్కడ లోహంలో ఏముందో చెప్పే ఎక్స్ఆర్ఎఫ్ గన్ జింక్ ఉందని చూపించింది. ఒకసారి బాగా కలిసిపోయాక జింక్‌ని ఇంట్లో విడదీయడం అయ్యే పని కాదు. తెలియక మొత్తం పాట్‌లో వేసి ఉంటే అందులో ఉన్న మంచి సీసం కూడా పోయేది.

ఇది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జింక్‌కి 419 కావాలి. వేడి అదుపులో ఉంచితే జింక్ బరువులు కరగకుండా పైకి తేలతాయి, గరిటెతో తీసేయొచ్చు. బకెట్ మొత్తం పెద్ద మంట మీద పెట్టి తొందరపడేవాడికి ఆ ఓపిక ఉండదు. కాలిఫోర్నియా 2010లోనే సీసం వీల్ వెయిట్లను ఆపేసింది, ఇంకొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. టైర్ షాపు బకెట్లలో ఇప్పుడు జింక్, ఇనుము చాలానే ఉంటున్నాయి.

"బుల్లెట్ కాస్త వంకరగా వస్తే ఏమైంది, రేంజ్‌లో కాల్చేదే కదా" అన్నాడు ఒక మిత్రుడు. లీవర్ రైఫిల్‌లో ఆ మాట చెల్లదు. మన గొట్టం మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని ముక్కు ముందుదాని అడుగున ఉండే, దెబ్బ తగిలితే పేలే ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. అందుకే మొద్దు ముక్కు బుల్లెట్లు వాడతాం. జింక్ కలిసిన లోహం అచ్చు అంచుల్లోకి సరిగ్గా పారదు. ముక్కు చదునుగా రాకుండా గుండ్రంగా వస్తుంది. తూటా కేసు (ఇత్తడి గొట్టం) అంచుని బుల్లెట్ మీదికి నొక్కి బిగించే క్రింప్ గాడి నిండదు, క్రింప్ గట్టిగా పట్టదు. స్ప్రింగ్ తోపుకి, కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే రీకాయిల్‌కి బుల్లెట్ కేసులోకి దిగిపోతే ప్రెషర్ పెరుగుతుంది. అడుగు అంచు మొద్దుబారితే వేడి గ్యాస్ పక్కనుంచి దూరి బ్యారెల్‌కి సీసం పడుతుంది, గురి పోతుంది. వీటిలో ముక్కు, క్రింప్ లోపాలు రెండూ ప్రాణం మీదికి తెచ్చేవి.

డబ్బు వెనక్కివ్వమని అడిగితే "స్క్రాప్ మెటల్, రిటర్న్స్ లేవు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మరి ప్రకటనలో "పరీక్షించినవి" అని ఎందుకు రాసినట్టు?

కొనేటప్పుడు ప్రతి దిమ్మనీ తూకం వేసిన ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. నా వరకు ఇకమీదట ధర ఎక్కువైనా సరే, ఏ లోహం ఎంత శాతమో రాసిచ్చే ఫౌండ్రీల దగ్గరే కొంటాను. లైమన్ నంబర్ 2 అనే బుల్లెట్ మిశ్రమం అడిగితే 90 పాళ్లు సీసం, చెరి 5 పాళ్లు తగరం, యాంటిమనీ ఉండాలి. వచ్చిన దిమ్మ ఏదైనా సరే, తడి ఉండొచ్చు కాబట్టి కరిగిన సీసంలోకి నేరుగా వేయకండి. చుక్క నీరు ఆవిరై పాట్ మొత్తం మొహం మీదికి చిమ్ముతుంది.

అదే అమ్మకందారు "ఇంట్లో లోడ్ చేసిన థర్టీ-థర్టీ తూటాలు" కూడా చవగ్గా పెట్టాడు. ఎవరో ఏ పౌడర్ (తూటా మందు) ఎంత పోశారో తెలియని తూటా ఉచితంగా ఇచ్చినా నేను ముట్టుకోను. మూత తీసిన పౌడర్ డబ్బాకీ అదే మాట.

మనవాళ్ల కోసం రెండు విషయాలు. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, లాయర్ని అడిగి గానీ అడుగు వేయకండి. రెండోది, రేంజ్‌కి వాడిన బ్యాగుతో ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దు. మూల జేబులో ఒక్క తూటా దొరికినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. అక్కడ లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం కూడా అదే చట్టం కింద నేరం.

కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేశాను. తూకం ఫొటోలు, స్క్రాప్ యార్డు రీడింగ్ జతచేశాను, జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఆ దిమ్మలన్నిటి మీదా "జింక్" అని పెయింట్‌తో రాసి గ్యారేజీలో విడిగా పెట్టాను.