తినే పూల విత్తనాల కిట్: విత్తనాలకు నాలుగు స్టార్లు, లోపలి కాగితానికి ఒక్కటే

పూలు తినడమేంటని ఇంట్లో అందరూ నవ్వారు. డబ్బులు పెట్టింది నేను కాబట్టి నేను నవ్వలేదు. డబ్బాలో ఆరు పొట్లాలు వచ్చాయి: నాస్టర్షియం, కాలెండులా, వయోలా, బోరేజ్, కామొమైల్, శంఖుపుష్పం. నీళ్ళు పోస్తే ఉబ్బే కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) బిళ్ళలు కొన్ని, ఎలా పెంచాలో ఎలా వాడాలో రాసిన మడత కాగితం ఒకటి. నాలుగు నెలలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే మొలకలు రాగానే అయిదు స్టార్లు ఇచ్చేసే రివ్యూలంటే నాకు చిరాకు.

ముందు నాస్టర్షియం, దీనికోసమైనా కొనొచ్చు. గింజ బఠానీ అంత ఉంటుంది, ముడతలు పడి. రాత్రంతా నానబెట్టి వేలి కణుపు లోతున పెడితే పది రోజుల్లో అన్నీ మొలిచాయి. నేను ముద్దు చేసి వర్మీకంపోస్ట్ దండిగా వేశాను, ఇంకేముంది, ఆకులు గొడుగుల్లా విచ్చుకున్నాయి గానీ పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. ఈ మొక్కకు బలమైన మట్టి ఇస్తే ఆకులే పెంచుకుంటుందట, పూలు కావాలంటే దాన్ని కాస్త పస్తు పెట్టాలి. ఆ సంగతి కాగితంలో లేదు. ఇసక కలిపిన మామూలు మట్టిలో, ఏ ఎరువూ లేకుండా వేసిన రెండో కుండీ మాత్రం నారింజ రంగు పూలతో నిండిపోయింది.

మొదటి పువ్వు కుండీ దగ్గరే నిలబడి తిన్నాను. వెనకాల సన్నటి తోకలా ఉంటుంది, అది కొరికితే చుక్క తేనె. తర్వాత రేకులు, ముందు ఏమీ అనిపించదు, రెండు క్షణాలాగి ఆవఘాటు ముక్కుకు తగులుతుంది. ఆవాలకు ఘాటునిచ్చే జాతి పదార్థమే ఇందులోనూ ఉంది మరి. ఆకులూ తినొచ్చు, పచ్చిగింజలు వెనిగర్‌లో ఊరేసుకోవచ్చు. ఒక్క తలనొప్పి, నల్ల పేనుబంక, అదే రసం పీల్చే చిన్న పురుగులు, దీన్ని వెతుక్కుంటూ వస్తుంది. రోజూ పొద్దున ఆకులు తిరగేసి చూసి నీళ్ళతో కొట్టేయాల్సిందే. నిజం చెప్పాలంటే ఈ పేనుబంక పుణ్యమా అని, కళ్ళు తెరవగానే ఫోన్ పట్టుకునే నేను పావుగంట ఎండలో తిరుగుతున్నాను.

ఇక ఆ కాగితం. కామొమైల్ గింజలు అరంగుళం మట్టి కింద పెట్టమని అచ్చేశారు. అవి దుమ్ములాంటి గింజలు, మట్టి మీద చల్లి మెల్లగా అదిమి వదిలేయాలి, వెలుతురు తగిలితేనే సరిగ్గా మొలుస్తాయి. మొదటి విడత మొత్తం పోయింది. పొట్లంలో సగం మిగిల్చాను కాబట్టి బతికిపోయాను. ఇంకో ఘనకార్యం, కాలెండులా పేరు పక్కన బంతి అని రాశారు. రెండూ ఒక కుటుంబమే గానీ బంతి వేరే మొక్క, ఇది చదివి ఎవరో ఇంట్లో ఉన్న బంతిపూలు దూసి టీ పెట్టుకుంటే?

కాలెండులా పువ్వు రేకులే దూసుకోవాలి, మధ్య భాగం చేదు. నేను ఎక్కువగా నూనెకే వాడుతున్నాను. బాగా ఎండిన రేకుల్ని నూనెలో నాలుగు వారాలు నానేసి వడకట్టి చేతులకు, మడమలకు రాసుకోవడమే. మొదటి సీసాలో రేకులు సరిగ్గా ఎండకముందే తొందరపడ్డాను, పైన బూజు కట్టింది, పారేశాను. వేళ్ళ మధ్య నలిపితే గలగలమనాలి, అప్పుడే వేయాలి.

శంఖుపుష్పం పిల్లల కోసం. వేడినీళ్ళు నీలంగా మారతాయి, నిమ్మరసం పిండగానే ఊదా. రుచంటూ పెద్దగా లేదు. వయోలా చూడ్డానికి బాగుంటుంది, అంతే.

డబ్బా మీద మాత్రం రోగనిరోధక శక్తి, డీటాక్స్, టెన్షన్ మాయం అని పెద్ద అక్షరాలు. సలాడ్ మీద చల్లుకునే చిటికెడు రేకులతో అంత జరుగుతుందా? కామొమైల్ టీ రాత్రిపూట తాగుతున్నాను, నిజమే. ఎండిన పూలు రెండు చెంచాలు, మరిగిన నీళ్ళు, పైన మూత పెట్టి పది నిమిషాలు. మూత లేకపోతే ఆ ఆపిల్ లాంటి వాసనంతా ఆవిరితో పోతుంది. ఆ పది నిమిషాలూ ఫోన్ పక్క గదిలో ఉంటుంది. నిద్ర త్వరగా పడుతోంది, టీ వల్లా ఫోన్ లేనందువల్లా అంటే నా ఓటు రెండోదానికే.

స్టార్లు తగ్గించింది మాత్రం జాగ్రత్తలు రాయనందుకు. పుప్పొడి పడని మా అక్క ఆ కామొమైల్ టీ రెండు గుక్కలు తాగగానే పెదాలు దురద అంది, అక్కడితో ఆపేసింది. కామొమైల్, కాలెండులా రెండూ చామంతి కుటుంబమే, ఆ ఎలర్జీ ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళు కామొమైల్ జోలికెళ్ళేముందు డాక్టర్‌ని అడగాలి. బోరేజ్ నీలం నక్షత్రంలా ముద్దుగా ఉంటుంది, దోసకాయ రుచి, కానీ అందులో కాలేయానికి మంచిది కాని ఆల్కలాయిడ్లు ఉంటాయి, ఎప్పుడో ఒకటీ రెండూ పూలు సరే, రోజూ టీ వద్దు, గర్భిణులకు అసలే వద్దు. పూలకొట్లో కొన్నవి తినకూడదని, వాటిమీద మందులు కొట్టి ఉంటారని కూడా ఎక్కడా లేదు. గన్నేరు, ఉమ్మెత్త విషమని చాలామందికి తెలుసు, కానీ స్వీట్ పీ అనే పూలమొక్క పేరులో బఠానీ ఉన్నా అదీ విషమే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఎవరు చెప్పాలి?

ఈ ఫిర్యాదులన్నీ కంపెనీకి రాశాను, థాంక్యూ అని ఒక ముక్క జవాబొచ్చింది. నాస్టర్షియం గింజలు చిన్న సీసా నిండా ఎండబెట్టి దాచుకున్నాను, కాబట్టి నాకు ఇంకో కిట్ అక్కర్లేదు. మీరు కొంటే ఆ కాగితం పక్కన పెట్టేయండి, కామొమైల్ పొట్లం మాత్రం ఒకేసారి ఖాళీ చేయకండి.