మూడేళ్లు ప్లైవుడ్, ఆరేళ్లు పీవీసీ: మా చిన్న బాత్రూంలో వాష్‌బేసిన్ క్యాబినెట్ అనుభవం

మా కామన్ బాత్రూం ఏడడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. హైదరాబాద్‌లో పాత టూ బెడ్‌రూం ఫ్లాట్లు చూసినవాళ్లకి మ్యాపు గీసి చూపించక్కర్లేదు. తలుపు తీయగానే పక్కన బేసిన్, ఆ చివర కమోడ్, మధ్యలో మిగిలిన చోటే స్నానం. వాడేది ఐదుగురం: అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలు, పొద్దున్నే మా గదిలోది ఖాళీ దొరకనప్పుడు నేను. 2016లో ఇల్లు కొన్నప్పుడు బేసిన్ కింద ఒక క్యాబినెట్ చేయించాం. మూడేళ్లకే అది ఊడి చేతికొచ్చింది. 2019లో పెట్టించిన రెండోది ఇప్పటికీ నడుస్తోంది.

మొదటిది పూర్తిగా నా ముచ్చటే. షాపులో నల్ల గ్రానైట్ మీద తెల్లటి గిన్నెలాంటి టేబుల్ టాప్ బేసిన్, పక్కన కొంగలా మెడ సాచిన కుళాయి చూశాక ఇంకేదీ కంటికి ఆనలేదు. "అంత బాత్రూంలో ఇంతదెందుకు?" అని మావారు ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. క్యాబినెట్ 24 అంగుళాల వెడల్పు, గోడ నుంచి 20 అంగుళాలు ముందుకి. లోపలికి వచ్చే ప్రతివాళ్ల తుంటికీ దాని మూల తగిలేది. మా మామగారు మూడేళ్లూ ఒంటివాటుగా తిరిగే లోపలికి వెళ్లారు, పాపం. ఒక్కరోజూ ఏమీ అనలేదు. అత్తగారు అన్నారు.

ఆవిడ బాధ వేరు. కార్పెంటర్ నేల నుంచి 32 అంగుళాల ఎత్తున గ్రానైట్ బిగించాడు. మామూలు బేసిన్ అంచు ఉండే ఎత్తు అది. దాని మీద ఐదున్నర అంగుళాల గిన్నె కూర్చుంది. అంటే అంచు 37న్నర. అత్తగారు ఐదడుగుల మనిషి. అంత ఎత్తు అంచు మీదుగా చేతులు చాపి ముఖం కడుక్కుంటుంటే నీళ్లు బేసిన్‌లో పడవు. ముంజేతుల మీదుగా మోచేతులకి, అక్కడి నుంచి జాకెట్టు చేతుల్లోకి పోతాయి. "బాగానే ఉందమ్మాయ్, ముఖం కడుక్కోడానికి పీటొకటి తక్కువ" అన్నారు. పీట నిజంగానే వచ్చింది, పిల్లల కోసం. తడినేల మీద ఆ ప్లాస్టిక్ పీట జారి మా చిన్నాడు గెడ్డానికి రెండు కుట్లు వేయించుకున్నాడు.

టేబుల్ టాప్ కావాలనుకునేవాళ్లు పలక ఎత్తు కాదు, గిన్నె అంచు ఎత్తు కొలుచుకోవాలి. అంచు 32, 33 దగ్గరుండాలంటే పలకని 27కి దించమని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ దించరు. ఇంకో సంగతి, గిన్నెకీ గోడకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. చెయ్యి దూరదు, గుడ్డ దూరదు, పాచి మాత్రం దూరుతుంది. గిన్నె చుట్టూ పెట్టిన సిలికాన్ ఏడాదికల్లా నల్లబడింది.

ఇక చెక్క. "వాటర్‌ప్రూఫ్ ప్లై మేడం, ఏం గాదు" అన్నాడు కార్పెంటర్. నేనూ నమ్మాను, ఎందుకంటే నా దృష్టంతా కుళాయి మీదే ఉంది. కుళాయి దగ్గర కానీ, కింద పైపు దగ్గర కానీ మూడేళ్లలో చుక్క కారలేదు. క్యాబినెట్‌ని తినేసింది స్నానం నీళ్లు. మనం బకెట్‌లో మగ్గు ముంచి నెత్తిన పోసుకుంటాం. ఆ నీళ్లు నేలని కొట్టుకుని మళ్లీ లేచి, మోకాలెత్తు వరకు చుట్టూ ఉన్నవన్నీ తడుపుతాయి. పత్రికల్లో కనిపించే వ్యానిటీలు (బేసిన్ క్యాబినెట్లు) గాజు గోడ వెనక షవర్ ఉండే పొడి బాత్రూంలవి. మా ఇంట్లో క్యాబినెట్ నేల మీదే కూర్చుని ఉంది. రోజుకి నాలుగు స్నానాలు. దాని కాళ్లు ఆరిందెప్పుడు?

మొదటి ఏడాది కింది అంచున సన్‌మైకా అప్పడంలా లేచింది. రెండో ఏడాది తలుపు ఉబ్బి, మూయాలంటే మోకాలితో నొక్కాల్సి వచ్చేది. మూడో ఏడాది దసరా ముందు ఇల్లు కడుగుతూ కింది పలకని బొటనవేలితో నొక్కాను. టీలో ముంచిన బిస్కెట్‌లా లోపలికి దిగిపోయింది. ఊడదీసినప్పుడు లోపలి వైపు ముద్ర కనిపించింది: ఐఎస్ 303. అది మామూలు వాడుక ప్లైవుడ్ ప్రమాణం. నీళ్లని బాగా తట్టుకునే మెరైన్ ప్లై అంటే 710 అని ఉండాలి. రెండింటినీ "వాటర్‌ప్రూఫ్" అనే అమ్ముతారు. కాబట్టి బిగించకముందే పలక తిప్పి అంకె చూసుకోండి. 710 అయినా సరే, కోసిన అంచుల్నీ పైపు కోసం చేసిన రంధ్రాల్నీ సీల్ చేయకపోతే సన్‌మైకా కిందకి నీళ్లు పాకుతాయి.

రెండోసారి షాపుకి వెళ్లే ముందు ఒక పని చేశాను. అట్టపెట్టెని కోసి, అనుకున్న సైజుకి మడిచి, బేసిన్ ఉండే చోట స్టూలు మీద రెండు రోజులు ఉంచాను. అందరూ దాని పక్కనుంచే వెళ్లారు, వచ్చారు. మొదటిరోజు 16 అంగుళాల లోతు పెట్టాను, మామగారు మళ్లీ పక్కకే తిరిగారు. 14కి తగ్గించాక మామూలుగా నడిచారు. అలా 18 బై 14 బేసిన్ ఖాయమైంది. గోడకి బిగించే మామూలు తెల్ల సెరామిక్ బేసిన్, అంచు నేల నుంచి 31 అంగుళాలు. షాపులో అందరూ దాటుకుని వెళ్లిపోయే రకం. ధర మొదటిదానిలో మూడోవంతు కూడా లేదు.

దాని కింద 18 ఎంఎం పీవీసీ బోర్డుతో చిన్న క్యాబినెట్ చేయించి, నేలకి అడుగు ఎత్తున గోడకి వేలాడదీశాం. నా లెక్కలో ఈ మొత్తం ఖర్చులో పనికొచ్చింది ఆ అడుగు ఖాళీయే. వైపర్ గోడదాకా పోతుంది, నీళ్లు నిలవవు, బొద్దింకలకి చీకటి మూల లేదు. మగ్గూ పీటా అక్కడే ఉంటాయి. బేసిన్ బరువు మాత్రం క్యాబినెట్ మీద వేయలేదు. రాక్ బోల్టులతో గోడకే బిగించాం. పిల్లలు అంచు పట్టుకుని వేలాడతారు, ఆ బరువు పీవీసీ మోయదు.

క్యాబినెట్‌కి వెనక పలక వద్దన్నాను. మొదటిదానికి కార్పెంటర్ శుభ్రంగా వెనకంతా మూసేశాడు. బేసిన్‌కొచ్చే నీళ్లు కట్టే యాంగిల్ కాక్ తిప్పాలంటే చెయ్యి పోయేది కాదు, వాషర్ మార్చాలన్నా మొత్తం బిల్డింగు వాల్వు కట్టాల్సిందే. ఇప్పుడు తలుపు తీస్తే యాంగిల్ కాక్, బేసిన్ నుంచి దిగే నీళ్లలో చెత్త ఆగే బాటిల్ ట్రాప్ ఎదురుగా ఉంటాయి. రెండేళ్ల క్రితం మా ఆడపడుచు వచ్చినప్పుడు ముఖం కడుక్కుంటుంటే ముక్కుపుడక జారి బేసిన్‌లో పడిపోయింది. ఒక్కటే ఏడుపు. కింద మగ్గు పెట్టి, ట్రాప్ అడుగు గిన్నెని చేత్తోనే తిప్పి విప్పాను. బూడిదరంగు జిగురు, వెంట్రుకల ఉండ, ఒక ఇయర్‌బడ్, వాటి మధ్యలో పుడక. ఐదు నిమిషాల పని. పాత క్యాబినెట్ అయితే కార్పెంటర్ని పిలవాల్సి వచ్చేది. డ్రాయర్ కన్నా తలుపే మేలనేది కూడా ఇందుకే. ట్రాప్ కోసం డ్రాయర్ మధ్యలో కోసేస్తారు, ఇక మిగిలే చోటు రెండు సబ్బులకి సరిపోతుంది.

ప్లంబర్ చేసిన ఒక పొరపాటు ఆరు నెలల దాకా తెలియలేదు. బేసిన్ పొంగకుండా ఎక్కువైన నీళ్లు పోయే ఓవర్‌ఫ్లో రంధ్రం ముందు వైపు ఉంటే, అడుగున నీళ్లు దిగే చిన్న గొట్టం, అంటే వేస్ట్ కప్లింగ్, పక్కల సందులున్న హాఫ్ థ్రెడ్ రకం వేయాలి. రంధ్రం లేని బేసిన్‌కి నిండా మరలున్న ఫుల్ థ్రెడ్. మా దానికి రంధ్రం ఉంది, అతను వేసింది ఫుల్ థ్రెడ్. చిన్నాడు మూత బిగించి కాగితప్పడవ వదిలాడు, కుళాయి కట్టడం మర్చిపోయాడు. రంధ్రంలోకి వెళ్లిన నీళ్లకి దారి లేక బేసిన్ పొంగి హాల్లోకి వచ్చింది. ఆ రంధ్రంలోంచి అప్పుడప్పుడూ వాసన ఎందుకొస్తోందో కూడా అప్పుడే అర్థమైంది.

పీవీసీలో లోపాలు లేవని కాదు. స్క్రూ పట్టు తక్కువ. మూడో ఏడాది ఎడమ తలుపు కీలు ఊగడం మొదలైంది. బిగిస్తే రంధ్రం ఇంకా వదులైంది. చివరికి బోల్టు ఆ పక్కకి దూర్చి నట్టు బిగిస్తే ఆగింది. బయటికి నట్టు కనిపిస్తుంది, నాకేం ఫర్వాలేదు. కొత్త ఇంట్లో అయితే మొదటే అలా వేయించేదాన్ని. వెంటిలేటర్ వైపు ఎండ పడే చోట తెలుపు కాస్త పసుపెక్కింది. మా పెద్దమ్మాయి వేడి హెయిర్ స్ట్రెయిటనర్ దాని మీద పెట్టి, వేలెడంత మచ్చ చేసింది. అది ఇక పోదు. కానీ ఆరేళ్లలో ఉబ్బలేదు, అంచు లేవలేదు, కింది పలక మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది.

మాకు బాత్రూంలకి బోరు నీళ్లే. వారం తుడవకపోతే కుళాయి మొదట్లో తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఒకప్పుడు పనిమనిషి బాత్రూం యాసిడ్ పోసి రుద్దేది. బేసిన్ మెరిసేది, కుళాయి క్రోమ్ మాత్రం పొక్కులు లేచింది. క్యాబినెట్ లోపల స్టీలు కీలు కూడా ఆ ఆవిరికే తుప్పు పట్టింది. ఇప్పుడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఒక చెంచా గ్లాసు నీళ్లలో కలిపి, పాత గుడ్డ ముంచి కుళాయికి చుట్టి అరగంట వదిలేస్తాను. సున్నం గుడ్డతో పాటే వచ్చేస్తుంది. కుళాయి మూతిలో చిన్న జల్లెడ ఉంటుంది, ధార సన్నబడితే దాన్ని విప్పి అదే నీళ్లలో వేస్తే సరి. ఇప్పుడున్నది పొట్టి కుళాయి. కొంగమెడ కుళాయి లాగా నీళ్లు ఎత్తునుంచి జాలీ మీద పడి పొట్ట మీదకి చిమ్మవు.

వచ్చే నెల మా గదిలో బాత్రూం మార్పిస్తున్నాం. అదే బేసిన్ కొలత తీసుకున్నాను, ఈసారి క్యాబినెట్‌కి రెండు తలుపుల బదులు ఒకటే, కీళ్లన్నీ నట్టు బోల్టుతో. అంచు ఎత్తు ఎంత పెట్టమంటారని కార్పెంటర్ అడిగితే, వెళ్లి అత్తగారిని పిలుచుకొచ్చాను.