చిచెన్ ఇట్సా పొద్దున్నే చూసేయండి, ఉష్మాల్‌కి రోజంతా ఇవ్వండి

అమ్మా నాన్నా అనంతపురం నుంచి డాలస్ వచ్చి రెండు నెలలైంది. నాన్న ముప్పై ఏళ్ళు తాపీమేస్త్రీ, మాల్స్ చూపిస్తే ఆయనకేం ఉంటుంది, రాతిపని చూపించాలనిపించి డిసెంబర్‌లో ఐదు రోజులు మెక్సికోలో యుకటాన్ వైపు, మాయా అనే అక్కడి ప్రాచీన జాతివాళ్ళ కట్టడాలు చూడ్డానికి తీసుకెళ్ళాను. మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, అందుకే పేరెంట్స్ వచ్చినప్పుడు ఇది మంచి ట్రిప్.

కాన్‌కూన్‌లో దిగి కారు తీసుకున్నాం. ఆన్‌లైన్‌లో చూపించిన రేటు నమ్మి వెళ్తే కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ కలిపి రెండింతలకి పైనే చెప్పారు, గంటసేపు వాదించినా లాభం లేకపోయింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అక్కడ తప్పనిసరి, కాబట్టి అది కలిపిన రేటే చూసుకుని బుక్ చేసుకోండి.

చిచెన్ ఇట్సా మాయావాళ్ళ పాత నగరం, కాన్‌కూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. చాలామంది కాన్‌కూన్ నుంచి టూర్ బస్సులో వెళ్ళి అదేరోజు వచ్చేస్తారు, దయచేసి అలా చెయ్యకండి. ముందురోజు రాత్రి వయ్యదొలీద్ అనే ఊళ్ళో ఉండండి, అక్కణ్ణుంచి ముప్పావుగంట. మేం దిగింది పాత ఇల్లొకటి హోటల్‌గా మార్చింది, మధ్యలో మండువా లాగా ఖాళీ, గోడలకి ఉయ్యాల కొక్కేలు, అమ్మకి తెగ నచ్చేసింది. ఇంకోటి, ఇవన్నీ ఉన్న యుకటాన్ రాష్ట్రం టైమ్ కాన్‌కూన్ కంటే గంట వెనక, వెళ్ళేటప్పుడు కలిసొస్తుంది, తిరిగి ఫ్లైట్‌కి వచ్చేటప్పుడు అదే గంట పోతుంది, గుర్తుపెట్టుకోండి.

ఎనిమిదింటికి గేటు తియ్యగానే లోపలికెళ్ళాం. కుకుల్కాన్ పిరమిడ్ ఎదురుగా జనం లేకుండా నిలబడిన ఆ మొదటి గంట మాత్రం జన్మలో మర్చిపోను. ఒక్కోవైపు 91 మెట్లు, నాలుగువైపులా 364, పైన ఇంకోటి కలిపితే 365, అంటే క్యాలెండర్‌నే మెట్లు చేసి కట్టారు. ఎదురుగా చప్పట్లు కొడితే మెట్లమీంచి పిట్ట కూసినట్టు తిరిగొస్తుంది. బంతాట కోర్టు 168 మీటర్ల పొడవు, ఆ గోడల మధ్య నడుస్తుంటే మనిషి చీమలా ఉంటాడు. కానీ దేన్నీ ఎక్కనివ్వరు, తాడు ఇవతల నుంచే చూడాలి. పదిన్నర దాటేసరికి బస్సులు దిగాయి, దారికి రెండువైపులా జాగ్వార్ (చిరుతలాంటి జంతువు)లా అరిచే ఈలలు అమ్మేవాళ్ళు, ఎండ, ఇంక నిలబడలేకపోయాం. టికెట్ మనిషికి 600 పెసోలు దాటుతుంది. మధ్యాహ్నం వెళ్ళేట్టయితే ఆ డబ్బు దండగ.

మెరిదా సిటీకి వెళ్ళే దారిలో ఇసామాల్ అనే ఊళ్ళో ఆగాం, ఊరంతా పసుపు రంగే. అక్కడ కినిచ్ కాక్‌మో అని ఊళ్ళో ఇళ్ళ మధ్యే పెద్ద పిరమిడ్ ఉంది, టికెట్ లేదు, ఎక్కనిస్తారు కూడా. నేను ఎక్కాను, అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి కిందే కూర్చుంది. ఎదురుగా ఉన్న స్పానిష్ వాళ్ళ క్రైస్తవ మఠాన్ని మాయా గుడి కూలగొట్టి ఆ దిమ్మ మీదే, ఆ రాళ్ళతోనే కట్టారు. దాన్ని కట్టించిన డియేగో దె లాందా అనే స్పానిష్ మతగురువే 1562లో మానీ అనే ఊళ్ళో మాయా పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టించాడు. ఇవాళ ప్రపంచం మొత్తం మీద మిగిలినవి నాలుగే. ఆ మెట్ల మీద కూర్చుని ఇది తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది.

ఇక ఉష్మాల్, ఇదీ మాయావాళ్ళ పాత నగరమే. మెరిదా నుంచి 80 కిలోమీటర్లు, మెరిదాలో రెండు రాత్రులు ఉండి వెళ్ళొచ్చాం. ఇక్కడ గైడ్‌ని పెట్టుకోండి, మిగతా చోట్ల లేకపోయినా పర్లేదు. జనం పల్చగా, రాళ్ళ మీద ఉడుముల్లాంటి ఇగ్వానాలు ఎండ కాచుకుంటూ, చాలా ప్రశాంతంగా ఉంటుంది. గవర్నర్ ప్యాలెస్ గోడ దగ్గర నాన్న అరగంట కదల్లేదు. "లోపలంతా గుండ్రాళ్ళు, సున్నం. పైన రాతి తాపడం. ఎంత సన్నంగా కోసినారో చూడు, ఇనుము లేకుండా" అన్నాడు. నిజమే, మాయావాళ్ళకి ఇనప పనిముట్లు లేవు. గుమ్మాల పైన అడ్డదూలాలకి వాడింది సపోటా చెక్క అని గైడ్ చెప్తే అమ్మ నమ్మలేదు, సపోటా అనే పేరు కూడా మెక్సికో నుంచి మనదాకా వచ్చిందే అంట.

గోడల నిండా తొండంలా వంగిన ముక్కుతో మొహాలు, అవి చాక్ అనే వానదేవుడివి. ఎందుకన్ని అంటే అక్కడ నది లేదు, చిచెన్‌లో ఉన్నట్టు సెనోటేలు, అంటే నేల కుంగి ఏర్పడిన సహజ బావులూ లేవు, వాననీళ్ళే గతి. భూమిలో సీసా ఆకారంలో గొయ్యి తవ్వి లోపల సున్నం పూసి వాన నీళ్ళు పట్టుకునేవాళ్ళు, దాన్ని చుల్తున్ అంటారు. నాన్న వంగి చూసి ఇది మన పాతరే అన్నాడు, మనం జొన్నలు దాచాం, వీళ్ళు నీళ్ళు దాచుకున్నారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల మాయా పల్లెల్లో వాన కోసం చా-చాక్ అని పూజ చేస్తారని, అందులో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి కప్పల్లా బెకబెకమనిపిస్తారని గైడ్ చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే అమ్మ "మనూర్లో కప్పతల్లిని ఆడించినట్లే గదరా" అని రోకలికి కప్పని కట్టడం, వేపాకులు, ఇంటింటా నీళ్ళు పొయ్యడం అంతా చెప్పింది, నేను గైడ్‌కి ఇంగ్లీషులో చెప్పాను, ఆయన ఫోన్ తీసి రాసుకున్నాడు.

ఉష్మాల్‌లో సెంట్రల్ గవర్నమెంట్‌దీ రాష్ట్రానిదీ రెండు టికెట్లు కొనాలి, చిచెన్‌లో కూడా అంతే. ఓపిక ఉంటే పక్కనే కబా అనే ఇంకో మాయా శిథిలాల చోటికి వెళ్ళండి, ఒక గోడంతా చాక్ మొహాలే.

తిండి సంగతి, శాకాహారులు బీన్స్ అడిగేటప్పుడు "సిన్ మాంతేకా" అనండి, లేకపోతే పందికొవ్వు ఉంటుంది. గుడ్డు తినేవాళ్ళకి పపద్జూల్ బావుంటుంది, గుమ్మడిగింజల ముద్దలో ముంచిన రొట్టెలు. హబనేరో అనే ఘాటు మిరపకాయల పచ్చడి మాత్రం నాన్న రోజూ రెండోసారి అడిగి వేయించుకున్నాడు, ఇక్కడికొచ్చిన రెండు నెలల్లో ఆయన కడుపునిండా తిన్నది ఆ ఐదు రోజులే.