సోలార్ డ్రయ్యరులో చేపలు, రొయ్యలు: మబ్బు పడితే ఆగిపోయే ఫ్యాను గురించి

ఎండు చేపలు, ఎండు రొయ్యల తయారీకి కొన్నేళ్ళుగా సోలార్ డ్రయ్యరు వాడుతున్నాను. నేలమీద ఆరబెట్టడంకన్నా ఇది శుభ్రమనీ, ఇసుకా దుమ్మూ అంటవనీ అందరికీ తెలిసినదే కనుక ఆ సంగతులు వదిలేసి, నన్ను మొదట ఎంతో మెప్పించి ఆ తరువాత బాగా నష్టపరచిన ఒక్క భాగం గురించే రాస్తాను. అది గాలిని తోసే ఫ్యాను.

నా దగ్గరున్నది పెట్టె రకం. కింద నల్లరంగు వేసిన రేకు దగ్గర వేడెక్కిన గాలి వల తట్టల మీదుగా పైకి సాగి, తేమను వెంటబెట్టుకుని వెనుక కంతలోంచి బయటికి పోతుంది. ఫ్యానుకు బ్యాటరీ లేదు. చిన్న సోలార్ ప్యానెల్ నుంచి నేరుగా కరెంటు వస్తుంది. ఎండ ముదిరితే ఫ్యాను జోరందుకుంటుంది, ఎండ తగ్గితే నెమ్మదిస్తుంది. ఈ అమరిక వెనుక చాలా మంచి ఆలోచన ఉంది. చేపలు ఎండేటప్పుడు లోపలి వేడి 45 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండటం మేలు. 60 దాటితే కండ ఎండటానికి బదులు ఉడకడం మొదలవుతుంది. ఆరంభంలోనే వేడి ఎక్కువైతే పైపొర బిగుసుకుపోయి లోపలి నీటికి దారి మూసుకుపోతుంది కనుక, పైకి గట్టిగా కనిపించే చేప ముల్లు పక్కన మెత్తగా మిగిలి, నిలవలో చెడిపోతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండకు పెట్టె అతిగా కాగబోయే వేళకు అదే ఎండతో ఫ్యాను కూడా వేగం పుంజుకుని వేడిని బయటికి నెట్టేస్తుంది, ఎవరూ దగ్గర నిలబడి చూసుకోనక్కరలేదు. ఎండ నేరుగా తగలకపోవడం వల్ల ఉప్పునీటిలో ఉడికించి పరచిన రొయ్యల ఎరుపు కూడా వెలిసిపోలేదు. చాలాకాలం నేను అడిగినవారికీ అడగనివారికీ ఈ ఫ్యాను గొప్పతనమే చెప్పేవాడిని.

ఆ అభిప్రాయాన్ని మార్చింది ముసురు. ఒకసారి ఉదయం ఎండ చక్కగా ఉండగా తట్టల నిండా రొయ్యలు, నెత్తళ్ళు పరిచాము. తాజా చేపలో నూటికి 75 నుంచి 80 పాళ్ళు నీరే ఉంటుంది, అందులో పెద్ద భాగం తొలి గంటల్లోనే ఆవిరిగా లేస్తుంది. అలా ఆవిరి జోరుగా లేస్తున్న సమయంలో మబ్బు కమ్మి ఫ్యాను నిలిచిపోయింది. పెట్టె మాత్రం వెంటనే చల్లారదు కదా; లోపలి గాలి కదలిక లేక, గోరువెచ్చగా, తడిగా అక్కడే ఉండిపోయింది, చేపను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు అంతకుమించిన అనుకూలం లేదు. సాయంత్రానికి మూత లోపలివైపు పట్టిన నీటిబొట్లు పై తట్టలోని నెత్తళ్ళ మీద కారాయి. మరునాడూ ఎండ రాలేదు. పై తట్టలన్నీ జిగురు పట్టి వాసన మారిపోయాయి, పారవేయక తప్పలేదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన విషయం ఏమిటంటే, పెట్టెలో పట్టక మిగిలిన నెత్తళ్ళను బయట ఎత్తైన మంచె మీద వల కప్పి ఆరబెడితే, ఎండ లేకపోయినా గాలి వీచినందువల్ల అవి చాలావరకు దక్కాయి. అమ్మినవారిని అడిగితే మబ్బు రోజుల్లో వాడకూడదన్నారు. పొద్దున ఎండ చూసి చేపలు పరిచినవారు మధ్యాహ్నపు మబ్బుకు ఏమి చేయాలో వారు ఇచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు.

తరువాత ఫ్యానుకు విడిగా చిన్న బ్యాటరీ కలిపించాను. ఇప్పుడు ఎండ పోయినా తేమ లోపల నిలవదు. అయినా బయటి గాలే తడిగా ఉన్నప్పుడు ఎంత తోసినా చేప ఎండదు కనుక, మబ్బు సూచన కనిపిస్తే ముందుగా చేపలను చిక్కటి ఉప్పునీటిలో నానబెడుతున్నాము. డ్రయ్యరులో ఈగల బెడద ఉండదని మొదట్లో అందరికీ గట్టిగా చెప్పేవాడిని, ఆ మాటకూ కొంత సవరణ అవసరం. వల లోపలికి ఈగ రాదన్నది నిజమే, కానీ కడిగి పరిచేలోపు చేప మీద పెట్టిన గుడ్లు తట్టతోపాటే లోపలికి వెళతాయి. పెట్టె బాగా కాగిన రోజున అవి బతకవు గానీ, గోరువెచ్చగా మిగిలిన రోజున పురుగులవుతాయి. కవళ్ళు, కానాగంతల వంటి నూనె చేపలను ఇందులో పెట్టడం దాదాపు మానేశాను, ఎందుకంటే వేడిగాలికి వాటి నూనె త్వరగా కనరు వాసన పడుతుంది.

మేము ఒక్కో విడత ఎండబెట్టేది తక్కువ, అదీ ఎక్కువగా చిన్న చేపలు, రొయ్యలు. పగలంతా ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. ఈ పరిస్థితుల్లో, బ్యాటరీ కలిపిన తరువాత, డ్రయ్యరు నాకు ఉపయోగకరంగానే ఉంది. వానల కాలంలోనే చేపలు ఎక్కువగా చేతికొచ్చేవారు మాత్రం, ఎండ లేనప్పుడు కట్టెలతోనో కరెంటుతోనో గాలిని వేడిచేసే ఏర్పాటు ఉన్నదాన్ని చూసుకోవడం మంచిది. ఎండ మీదే పూర్తిగా ఆధారపడే పెట్టెను వారికి కొనమని నేను చెప్పలేను.