నల్లపూత మీద ఎపాక్సీ మరక: మూడేళ్లుగా ఐసోప్రొపైల్ వాడాక

కత్తికి పిడి అతికించే రోజు నాకు ఇప్పటికీ టెన్షనే. అలుగుకు, అంటే కత్తిలో కోసే స్టీలు భాగానికి, నల్లపూత ఉంటే మరీనూ. పిడి చెక్కల అంచుల వెంట పొంగిన ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) దిగుల్లేదు, ఆరాక చెక్కతో పాటే అరగదీస్తాం. పిడి ముందు అంచు అలుగును కలిసే చోటే ఇబ్బందంతా. అక్కడ ఎమెరీ కాగితం తగిలితే జిగురుతో పాటు పూతా పోతుంది. ఆ సన్నటి గీత దగ్గర నన్ను మూడేళ్లుగా కాపాడుతున్నది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గుప్పెడు ఇయర్ బడ్స్.

అంతకుముందు అసిటోన్ వాడేదాన్ని. జిగురును చిటికెలో కరిగిస్తుంది, ఆ మాట కాదనను. ఒకసారి అలుగుకు గాలికి ఆరే స్ప్రే పెయింట్ కొట్టి, రెండు రోజులాగి పిడి అతికించాను. జిగురు పొంగింది. అలవాటుగా అసిటోన్ గుడ్డతో తుడిచాను. గుడ్డ నల్లబడింది. మురికేమో అనుకుని మళ్లీ తుడిచాను. కింద తెల్లటి స్టీలు మెరిసింది, బొటనవేలి గోరంత మేర! జిగురు గట్టిపడకముందే క్లాంపులు విప్పి, చెక్కలు ఊడదీసి, పూతంతా గీకి మొదటి నుంచి చేసుకున్నాను. ఆ సాయంత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ. ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచిన సిరామిక్ పూతలు అసిటోన్‌కు బాగానే తట్టుకుంటాయి. గాలికి ఆరిన పెయింట్‌ను మాత్రం దానికి అప్పగించకండి. వెనిగర్‌తోనూ పచ్చి ఎపాక్సీ పోతుంది కానీ, బ్లాక్ ఆక్సైడ్ పూతను (స్టీలు పైపొరనే రసాయనంతో నల్లబరిచే పూత) ఆ ఆమ్లం తినేస్తుంది.

ఐసోప్రొపైల్ నెమ్మది. నాకు నచ్చింది అదే. బడ్‌ను ముంచి, పిండి, పిడి నుంచి అలుగు వైపుకు ఒక్క గీత లాగి పారేస్తాను. పది నిమిషాలకు మళ్లీ చూస్తాను, క్లాంపు బిగువుకు జిగురు ఇంకా ఊరుతూనే ఉంటుంది. మ్యాట్ పూత మీద మిగిలిన పల్చటి పొర ఎదురుగా చూస్తే కనబడదు. టార్చి పక్కనుంచి వేస్తే నూనె మరకలా మెరుస్తుంది.

మొదటి ఏడాది, ఇదొక్కటుంటే చాలని అడిగిన వాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అలా చెప్పను. ఒక కత్తికి ఆరు నెలల తర్వాత పిడి ముందు అంచు దగ్గర వెంట్రుకంత సందు వచ్చింది. ఆ రోజు బడ్‌ను పిండకుండా వాడాను. ఆల్కహాల్ చెక్క కిందికి దిగి జిగురును పల్చన చేసిందనే నా అనుమానం. కొన్ని పెయింట్లను ఇది కూడా మెత్తబరుస్తుంది కాబట్టి, అదే పూత వేసిన స్టీలు ముక్క మీద ముందు రుద్ది చూస్తాను.

గట్టిపడిన ఎపాక్సీ మీద ఇది అసలు పనిచేయదు. ఓ రాత్రి చూసుకోకుండా వదిలేసిన బొట్టు తెల్లారేసరికి రాయిలా ఉంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి, ఉలిలా చెక్కిన వెదురు పుల్లతో నెడితే పెచ్చులా లేచొచ్చింది, పూత మీద గీతైనా పడలేదు. అయితే మామూలు ఎపాక్సీలు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి, పిడిని పట్టుకున్నదీ అదే జిగురు. అందుకే వేడి ఆ బొట్టుకే, అదీ కొద్ది సెకన్లే.

నేను నెలకు ఒకటో రెండో కత్తులు చేస్తాను, వాడేది నిదానంగా గట్టిపడే ఎపాక్సీ. కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా, గ్లౌజులతో తాపీగా తుడుచుకునే వీలుంది. ఐదు నిమిషాల్లో గట్టిపడే జిగురు వాడేవారికి రెండోసారి చూసుకునే వ్యవధి ఉండదు. వాళ్లు అలుగు మీద పిడి అంచు దాకా మాస్కింగ్ టేపు వేసుకుని మొదలుపెట్టడం మంచిదనుకుంటాను.