ఫారాలు తారుమారైన ఒక జీవిత చరిత్ర, హనుమకొండలో దాని బైండింగ్

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ ఫాంటెయిన్ మౌరీ జీవిత చరిత్ర ఒకటి చాలా ఏళ్లుగా నా దగ్గర ఉంది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట పెట్టే పాత పుస్తకాల సంతలో కొన్నాను. అట్ట ఊడి, దారం తెగి, పేజీల మూలలు చెదలు తినేయడంతో దానిని పోయిన నెలలో హనుమకొండ చౌరస్తాకు దగ్గరి సందులో ఉన్న ఒక చిన్న బైండింగ్ దుకాణంలో ఇచ్చాను. ఎక్కువగా కాకతీయ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలకు బంగారు అక్షరాల అట్టలు వేసే దుకాణం అది.

పని నాణ్యతకు వంక పెట్టలేను. చాలా చోట్ల పేజీలను దొంతరగా పేర్చి, అంచుకు దూరంగా రంధ్రాలు పొడిచి దారం బిగిస్తారు కనుక పుస్తకం మళ్లీ పూర్తిగా తెరుచుకోదు. ఇక్కడ పాత దారం కోసి, ఫారాలు (పేజీలుగా మడిచిన కాగితాల కట్టలు) విడదీసి, ఒక్కొక్క ఫారాన్ని మడత మధ్యలో కుట్టారు. చెదలు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపారు. ఇప్పుడు పుస్తకం బల్ల మీద చేయి ఆన్చకుండానే తెరుచుకొని ఉంటుంది. ముదురు నీలం క్యాలికో గుడ్డ అట్ట కూడా బాగా కుదిరింది.

తప్పు వరసలో జరిగింది. మూలలతో పాటు పేజీల అంకెలు కూడా పోయినందువల్ల మూడు ఫారాలు తారుమారయ్యాయి. ఇంటికి తెచ్చి చదివితే, 1861లో వర్జీనియా అమెరికా నుంచి విడిపోగానే నౌకాదళానికి రాజీనామా చేసి అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల పక్షాన చేరిన మౌరీ, తర్వాతి పేజీలలో 1853 నాటి బ్రసెల్స్ సమావేశంలో అదే నౌకాదళం తరఫున కూర్చొని ఉన్నాడు! తిరిగి తీసుకెళ్తే యజమాని నొచ్చుకోలేదు. "నాకు ఇంగ్లీషు రాదు సార్, మీరు పక్కన కూర్చొని చెప్తే మల్ల కుడత" అన్నాడు. అదనంగా డబ్బు అడగలేదు.

అలా ఒక మధ్యాహ్నమంతా ఇద్దరం సంవత్సరాలను బట్టి ఫారాలు పేర్చాము. 1806లో పుట్టిన మౌరీ 1825లో నౌకాదళంలో చేరాడు. విన్సెన్స్ అనే యుద్ధనౌక మీద ప్రపంచాన్ని చుట్టి 1830లో తిరిగి వచ్చాడు. 1839లో ఒహాయోలో గుర్రపు బండి బోల్తా పడి కాలు విరగడంతో ఓడ మీది కొలువు ఆయనకు అందకుండా పోయింది. 1842లో వాషింగ్టన్‌లోని నౌకాదళ పటాలు, పరికరాల గిడ్డంగి ఆయన చేతికి వచ్చింది. అక్కడ పేరుకుపోయిన ఓడల దినచర్య పుస్తకాలలో ఏ నెలలో ఎక్కడ ఏ గాలి వీచిందో, ఏ ప్రవాహం ఓడను ఎటు లాగిందో నావికులు రాసిపెట్టిన వివరాలను ఏరి కూర్చి, 1847లో ఉత్తర అట్లాంటిక్ గాలుల, ప్రవాహాల పటాన్ని వెలువరించాడు. ఆ పటాలను కప్తానులకు ఉచితంగా ఇచ్చి, బదులుగా తమ ప్రయాణ వివరాలను ఒకే నమూనాలో నింపి పంపమన్నాడు. ఆ నమూనాను దేశాలన్నిటికీ ఉమ్మడి చేయడానికే పది దేశాల ప్రతినిధులు బ్రసెల్స్‌లో కూడారు. ఇదంతా చెప్తుంటే దబ్బనం ఆపి బైండరు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ రిజిస్టర్లను చెదలు తినలేదా సార్?"

పుస్తకం సంగతికి వస్తే, పటాల అధ్యాయాలు ఎంత శ్రద్ధగా ఉన్నాయో అంతర్యుద్ధం భాగం అంత తడబాటుగా ఉంది. బానిసత్వం వైపు నిలిచిన మనిషి గురించి రాస్తూ, నదులలో విద్యుత్తుతో పేలే మందుపాతరలు అమర్చిన ఆయన నేర్పును మాత్రమే మెచ్చుకొని రచయిత ముందుకు సాగిపోయాడు. వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లోని మౌరీ విగ్రహాన్ని 2020లో తొలగించిన సంగతి తెలిసి చదివితే ఆ మౌనం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మొత్తం 400 రూపాయలు అయింది. నాలుగు రోజులని చెప్పి పదకొండు రోజులు తీసుకున్నారు. కటింగ్ మిషన్ మీద అంచులు సరిచేసేటప్పుడు, లోపల మడిచి ఉన్న అట్లాంటిక్ పటం కింది అంచు కూడా తెగి, రేఖాంశాల అంకెలు సగానికి సగం పోయాయి. మడత పటాలున్న పుస్తకం ఇచ్చేవారు అంచులు కోయవద్దని ముందే చెప్పాలి, ప్రతి పేజీకి పెన్సిల్‌తో అంకె కూడా వేసి ఇవ్వాలి.